అండాలమ్మ బొంతకు నాలుగో మూల

ఈ ఉదయం సూదిలోకి దారం ఎక్కించబోతూ, అలవాటు కొద్దీ దారాన్ని ముందుగా ఒక కొవ్వొత్తి ముక్క మీద రెండుసార్లు లాగి, కొసను నాలుక మీద తడిపాను. మైనం రుచి ఏమంత గొప్పది కాదు. చప్పగా, కొంచెం జిడ్డుగా ఉంటుంది. అయినా అది నాలుకకు తగిలిందో లేదో, గౌలిపురాలో ఒక పాత ఇంటి మిద్దె కళ్ళ ముందుకు వచ్చేసింది. ఎండకు వేడెక్కిన గచ్చు, కింద కొట్టంలో బర్రెలు గొలుసులు కదిలించే చప్పుడు, గచ్చు మీద పరిచిన పాత చీరల బొంత, అది గాలికి లేవకుండా నాలుగు వైపులా బోర్లించిన పాల కొలత డబ్బాలు. వాటి మధ్య నుంచి ఒక గొంతు. "దారానికి ముందు మైనం తినిపియ్యి బిడ్డా. ఆకలి మీదున్న దారం మధ్యల తెగుతది." ఆ గొంతు అండాలమ్మది. ఆమెను మీలో ఎవరూ చూసి ఉండరు. ఆ గల్లీ దాటితే ఆమె పేరు ఎవరికీ తెలియదు. ఆమెకు ఆ బెంగ లేదు కానీ నాకుంది. అందుకే సూది పక్కన పెట్టి ముందు ఇది రాద్దామనుకున్నాను. తీరా పని ముగించుకుని వచ్చాకే కూర్చోవడం కుదిరింది.

మా ఆయనకు కంచన్‌బాగ్‌లో ఉద్యోగం రావడంతో ఇరవై ఏడేళ్ళ కిందట కృష్ణా జిల్లా నుంచి ఈ ఊరు వచ్చాం. బస్సుకు అనువుగా ఉంటుందని గౌలిపురాలో రెండు గదుల వాటా చూశాడు. అప్పటికి నేను ఏ పనైనా మొదలు పెట్టడంలో మహా ఘనురాలిని, పూర్తి చేయడంలో సున్నా. టైపు నేర్చుకోవడం లోయర్‌తో ఆపేశాను. వీణ గీతాల దగ్గర ఆగిపోయింది. తమ్ముడి కోసం అల్లిన స్వెట్టరుకు ఒకటే చెయ్యి. పెళ్ళి ఒక సాకుగా దొరికితే బి.ఇడి. కూడా నడిమధ్యలో వదిలేసి వచ్చాను. సుబ్బలక్ష్మి అని పేరు పెట్టిన మా నాన్నే నన్ను "సగం సుబ్బులు" అని పిలిచేవాడు. చుట్టాలందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే బాధపడుతున్నానని తెలిసిపోతుందని భయం.

అండాలమ్మతో నా పరిచయం పోట్లాటతో మొదలైంది. మా ఇంటి పక్కనే ఆమె పాల డైరీ, పన్నెండు బర్రెలు. మూడు రోజులు వరసగా పాల మీద మీగడ కట్టలేదని నాకు కోపం వచ్చి, గిన్నె పట్టుకుని మరీ వెళ్ళాను. "నీళ్ళు కలుపుతున్నారండీ మీరు" అని గుమ్మంలోనే అనేశాను. యాభై దాటిన మనిషి, బలమైన చేతులు, నుదుట రూపాయి కాసంత బొట్టు. కోపగించుకోలేదు. చెంబు కడిగి నా ముందే బర్రె కింద కూర్చుని, అర లీటరు పిండి నా గిన్నెలో పోసింది. "కాచి సూడు. మీగడ కట్టకుంటే ఆ బర్రెతోని లొల్లి పెట్టుకో, నాతోని కాదు" అంది. ఆ పూట అరచేతి మందాన మీగడ కట్టింది. చేసేదేముంది, మర్నాడు క్షమించమని చెప్పడానికి వెళ్ళాను. పైన మిద్దె మీద ఉంది, రమ్మన్నారు.

తెల్లవారకముందే ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి పాలు పిండటం. ఆ రెంటి నడుమ మధ్యాహ్నం రెండు గంటలు ఆమె సొంతం. ఆ రెండు గంటలూ బొంత కుట్టేది. నాలుగు పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, పైన రంగురంగుల చతురస్రాలు అమర్చి, ముందు పొడుగు పొడుగు కచ్చా కుట్లతో అన్నిటినీ కదలకుండా పట్టి ఉంచి, ఆ తర్వాత అంచు నుంచి నడిమికి వరస తప్పని సన్న కుట్లు. "ఎంత బాగుందండీ! నాకూ నేర్పుతారా?" అని అడిగాను. వెంటనే, ముందు జాగ్రత్తగా, "నేను మధ్యలో మానేసే రకం లెండి" అని కూడా చెప్పాను. ఆమె తల ఎత్తకుండానే పక్కన గచ్చు మీద చేత్తో తట్టింది. "అండి గిండి ఏంది, అక్కా అను. కూసో. మానేసినప్పుడు జూద్దాం."

నేను మానేయలేదు. ఎందుకో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు. బహుశా ఆమె నన్ను ఒక్కసారి కూడా మెచ్చుకోకపోవడం వల్ల కావచ్చు. నా కుట్టు వంకర పోతే విప్పమనేది కాదు. "గా వంకరనే పట్టుకొని పో, పక్క వరస దాన్ని సూసి నడుస్తది" అనేది. ఏడు నెలల్లో నా మొదటి బొంత నడిమి దాకా నిండింది. ఇక మిగిలింది చుట్టూ అంచు పట్టీ వేయడం. దాన్ని అక్కడ గోటు అంటారు. గోటు వేసి, ఒక్కో మూల మీద మూడు కోణాల గుడ్డ ముక్క ఒకటి కప్పి కుడితే బొంత అయిపోయినట్టు. ఒకటో మూల, రెండో మూల, మూడో మూల నేనే కుట్టాను. నాలుగో మూలకు సూది పెట్టబోతుంటే అండాలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నాలుగో మూల నీది కాదు బిడ్డా. ఇంకొకలు కుట్టాలె."

"ఎవరు?"

"ఎవరన్న. నీ దోస్తు."

"సరే, అయితే మీరే కుట్టండి అక్కా."

"అడగొద్దు!" నేనేదో అనకూడని మాట అన్నట్టు చూసింది. "అడిగితే కాదనలేక కుడుతరు. గట్ల కుట్టింది పనికిరాదు. ఎవలకు మనసైతే వాళ్ళే సూది పట్టుకొని వస్తరు. వచ్చేదాంక బొంత గట్లనే ఉండాలె, కప్పుకోవద్దు."

ఎవరు పెట్టిన ఆచారమో ఆమెకూ తెలియదు. వాళ్ళ అత్త అలాగే చేసేదట, ఆ గల్లీలో బొంత కుట్టే ముస్లిం ఇళ్ళలోనూ అంతేనట. నేను సరేనన్నాను కానీ నా స్వభావానికి అది శిక్ష. జీవితంలో మొదటిసారి ఒక పని చివరికంటా వచ్చింది, ఇంకో జానెడు కుడితే అయిపోతుంది, దానికి ఎవరో వచ్చేదాకా ఆగాలి! రోజూ బొంతను మిద్దె మీదకు తీసుకెళ్ళి, నాలుగో మూల అందరికీ కనబడేలా మడిచి పెట్టేదాన్ని. వచ్చిన ఆడవాళ్ళు చూసేవాళ్ళు, మంచిగుందనేవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళు. అండాలమ్మ కూడా తన పని తాను చేసుకునేది. పది రోజులు గడిచేసరికి నాకు ఏడుపు వచ్చింది. ఈ ఊళ్ళో నాకు ఒక్కరు కూడా లేరన్నమాట అనుకున్నాను. పన్నెండో రోజు రోషం వచ్చింది. తలుపు వేసుకుని కూర్చుని, నాలుగో మూల నేనే కుట్టేసుకున్నాను.

మర్నాడు తల ఎగరేసుకుంటూ తీసుకెళ్ళి ఆమె ముందు పరిచాను. అప్పటికే ఆమె కళ్ళలో పొర మొదలైంది, అందుకని ఏ కుట్టైనా వేళ్ళతోనే చూసేది. ఒకటో మూల తడిమింది, రెండోది, మూడోది, నాలుగోది. అక్కడ ఆగింది. మళ్ళీ మూడో మూలకు వెళ్ళి వచ్చింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. అండాలమ్మ నవ్వు చిన్నది కాదు. కింద బర్రెలు బెదిరి గొలుసులు గుంజుకునేవి. "ఓ సుబ్బమ్మా! నీ ఇంట్ల పెండ్లికి నువ్వే సుట్టంగ వచ్చినవా?" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరూ రాకపోతే నన్నేం చేయమంటారు? మీకైనా మనసు కాలేదుగా!" అన్నాను.

ఆమె నవ్వు ఆపేసింది. లేచి లోపలికి వెళ్ళి, పసుపు రంగు పట్టు ముక్క ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మూడు కోణాలుగా కత్తిరించి, అంచులు మడిచి, కుట్టడానికి సిద్ధంగా ఉంది. "నా పెండ్లి చీర కొంగు. నీ మూలకని తీసిన. నిన్న మంగళారమాయె, ఇయ్యాల మంచి దినమని ఆగిన" అంది. ఒక్క రోజు. ఒకే ఒక్క రోజు ఓపిక పట్టి ఉంటే! తల దించుకుని ఏడ్చాను. కుట్టు విప్పేస్తానన్నాను. "ఉండనియ్యి. తొందరల చేసిన పని గట్లనే కనబడాలె. గీ ముక్క నువ్వే ఉంచుకో, ఎప్పుడన్న పనికొస్తది" అని నా గుప్పిట మూసింది. నన్ను ఓదార్చడానికో, లేక ఆమెకు కూడా ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉందో, గది మూలన చుట్టి పెట్టిన ఒక బొంతను తెచ్చి నా ముందు విప్పింది. "నన్ను సూడు. నాది పదకొండేండ్ల సంది గిట్లనే ఉన్నది."

ఆ బొంత గొప్ప అందంగా ఉంది. పచ్చ, ఎరుపు, గంధం రంగుల మధ్య పదహారు ఊదారంగు చతురస్రాలు. మూడు మూలలు కప్పి ఉన్నాయి, నాలుగోది బట్ట పీచుతో వట్టిగా ఉంది. ఆ మూల హసీనాది. ఎదురింట్లో ఉండేదట. ఇద్దరూ కొత్త కోడళ్ళుగా ఆ గల్లీకి వచ్చినప్పటి నుంచీ ఒకే మిద్దె మీద కుట్టేవారు. ఈమె బొంతలన్నిటికీ నాలుగో మూల హసీనా, హసీనా బొంతలన్నిటికీ ఈమె. ఒకసారి హసీనా పాత బట్టల మూట ఒకటి ఇచ్చింది. అందులో పొరపాటున ఊదారంగు దుపట్టా ఒకటి వచ్చింది. చనిపోయిన వాళ్ళ అమ్మది. అండాలమ్మ ఒక మాటైనా అడగకుండా దాన్ని పదహారు ముక్కలుగా కోసి కుట్టేసింది. హసీనా మిద్దె ఎక్కి వచ్చి చూసింది. ఒక్క మాట అనలేదు. మెట్లు దిగి వెళ్ళింది. తర్వాత నెలకో రెండు నెలలకో వాళ్ళ ఆయన దుకాణం దగ్గరికని కాపురం మార్చేశారు.

"ఎక్కడికి?"

"లాడ్ బజారుకు. గాజుల దుకాణం."

నేను నోరు తెరిచి చూశాను. గౌలిపురా నుంచి హరిబౌలి మీదుగా నడిస్తే అరగంట దారి. పదకొండేళ్ళలో ఈమె అటు వెళ్ళలేదు, ఆమె ఇటు రాలేదు. "వెళ్ళి తప్పయిందని చెప్పొచ్చుగా అక్కా!" అంటే, "మొకం చెల్లలే బిడ్డా" అంది, చాలా చిన్న గొంతుతో. అంతటితో అయిపోలేదు. ఆమె కొడుకులు బర్రెలను శంషాబాద్ అవతల కొన్న జాగాకు మార్చేస్తున్నారు. దసరా మర్నాడు తెల్లవారే ప్రయాణం. ఇక ఇరవై రోజులు. "మూల ముయ్యని బొంత కొత్త ఇంటి గడప తొక్కొద్దు. పోయే దినం విప్పాలె. విప్పి, ఎవలి ముక్కలు వాళ్ళకు పంపియ్యాలె" అంది, ఊదారంగు మీద చెయ్యి ఆనించి. ఆ పదహారు ముక్కలూ మూట కట్టి లాడ్ బజారుకు పంపిస్తే ఇక ఆ ఇద్దరి మధ్య ఏమీ మిగలదని నాకు చెప్పాల్సిన పని లేదు.

ఆ రాత్రి మా ఆయన ఏదో అడుగుతుంటే నాకు వినబడలేదు. అడగకూడదన్నారు సరే. గాజులు తొడుక్కోకూడదని మాత్రం ఎవరూ అనలేదుగా. మర్నాడే లాడ్ బజారుకు వెళ్ళాను. నాలుగు దుకాణాలు వాకబు చేస్తే ఐదోదానిలో హసీనా దొరికింది. అక్కడ అందరూ ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలుస్తున్నారు. సన్నగా, పొడుగ్గా, ముక్కు మీద అద్దాలతో లక్క గాజుల వరసల వెనక కూర్చుని ఉంది. మొదటి రోజు ఆకుపచ్చ గాజులు తొడిగించుకున్నాను, ఏమీ మాట్లాడలేకపోయాను. మూడో రోజు ఎర్రవి. ఆరో రోజు నా మొదటి బొంత చంకన పెట్టుకుని వెళ్ళి, గాజులు చూస్తూ చూస్తూ గల్లా పక్కన దించాను. ఆమె చూపు బొంత మీద పడింది. ఇక ఉండబట్టలేకపోయింది. అద్దాలు సర్దుకుని మూలలు తిరగేసింది.

"అరె, నాలుగో మూల ఖుద్ నువ్వే కుట్టుకున్నవా? కైకు?"

"తొందరపడ్డాను ఆపా."

"యాడుంటవ్?"

"గౌలిపురాలో. అండాలమ్మ గారి డైరీ పక్కన."

గాజులు సర్దుతున్న ఆమె వేళ్ళు ఆగిపోయాయి. తర్వాత, "అండాలు ఏమన్నది గీ మూల సూసి?" అని అడిగింది.

"నవ్వింది."

"బర్రెలు బెదిరినయా?"

"బెదిరాయి."

హసీనా ఆపా పెదవుల మీద ఏదో కదిలింది. సొరుగులోంచి సూది తీసి, నా నాలుగో మూలను పర్రున విప్పేసింది. ఆకుపచ్చ ముక్క ఒకటి వెతికి, అక్కడే, గిరాకీ చూస్తూనే, తన చేత్తో కుట్టి ఇచ్చింది. దారం అందుకోవడానికి ఆమె వెనక బీరువా తెరిచినప్పుడు నేను చూడాల్సింది చూశాను. పై అరలో మడిచి పెట్టిన పాత బొంత. బయటికి కనబడుతున్న మూల వట్టిగా, పీచుతో ఉంది.

ఇంటికి పరిగెత్తినట్టే వెళ్ళి, అండాలమ్మ చేతుల్లో నా బొంత పెట్టాను. ఏమీ చెప్పలేదు. వేళ్ళతో తడిమింది. నాలుగో మూలను తిరగేసి అడుగున కూడా తడిమింది. హసీనా ఆపా కుట్టు పైన గోధుమ గింజంత, అడుగున ఆవగింజంత. ఆ చేతివాటం ఇంకెవరికీ రాదు. "హసీనా" అంది అండాలమ్మ. నేను తలూపాను. "ఆమె దగ్గర కూడా ఒకటుంది అక్కా. బీరువాలో. మూడు మూలలే."

బొంతను మడిచి నా ఒళ్ళో పెట్టింది. "నా మూలకు ఆమె రావాలె, రావాలె అని పదకొండేండ్లు ఎదురు సూసిన. ఆమె మూల నా కోసం ఉన్నదని సోయే లేకపాయె" అంది. లేచి ముఖం కడుక్కుంది. బొట్టు దిద్దుకుంది. కొంగుకు సూది గుచ్చింది, కొవ్వొత్తి ముక్క రొంటిన దోపింది. "బర్రెలకు నీళ్ళు పెట్టమని శీనుకు చెప్పు. నడువ్ బిడ్డా." శీను ఆమె పెద్ద కొడుకు. చార్మినార్ ముందు నుంచి ఆమె వెనకే నడుస్తున్నప్పుడు, ఆ జనాన్ని ఆమె చీల్చుకుంటూ వెళ్ళిన తీరు చూసి నాకే గర్వంగా ఉంది. చేతిలో సంచీ లేదు, బేరం లేదు, కొంగున సూది ఒక్కటే.

దుకాణంలోకి వెళ్ళి, పిలవకుండానే హసీనా ఆపా పక్కన పరుపు మీద కూర్చుంది. "ఏది?" అంది. అంతే. హసీనా ఆపా ఆమె ముఖంలోకి చూసింది. లేచి, బీరువా తెరిచి, బొంత తెచ్చి ఒళ్ళో పెట్టింది. అండాలమ్మ దారాన్ని మైనం మీద లాగింది కానీ సూదిలోకి ఎక్కించలేకపోయింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. హసీనా ఆపా ఆమె చేతిలోంచి సూది లాక్కుని, దారం ఎక్కించి తిరిగి ఇచ్చింది. మూల సగం కుట్టాక అండాలమ్మ తల ఎత్తకుండా అంది.

"అమ్మ దుపట్టా అడగకుంట కోసిన."

"హౌ. కోసినవ్."

"తప్పయింది హసీనా."

"గీ ఒక్క మాటకు పదకొండేండ్లా?"

"నువ్వు యాడున్నవో..."

"లాడ్ బజార్ల! చార్మినార్ పక్కకు! దునియా మొత్తం గాజుల కోసం ఈడికి వస్తది. నువ్వొక్కదానివే రాలే!" హసీనా ఆపా అద్దాలు తీసేసింది. "నాకు కోపం మస్తు వచ్చింది అండాలూ. రెండేండ్లు ఉండె. తర్వాత కోపం పోయింది. గప్పుడు నాకే షరమ్ అయింది, ఎట్ల వస్త?" గాజులు కొనడానికి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు నిలబడి చూస్తున్నారు. ఆ ఇద్దరు పెద్ద మనుషులూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి ఏడుస్తుంటే, గాజుల ధరలు నేను చెప్పాల్సి వచ్చింది.

అంతా అయ్యాక అండాలమ్మ లేచి వచ్చేసింది. తన బొంత సంగతి ఎత్తలేదు. దసరాకు వెళ్ళిపోతున్నానని చెప్పలేదు. గుమ్మం దిగగానే నేను నోరు తెరవబోతే నా చెయ్యి గట్టిగా గిల్లింది. "నోరు కుట్టుకో. అడిగినట్టయితది." కానీ నాలుగు రోజులకు నాకు మళ్ళీ గాజులు అవసరమయ్యాయి. హసీనా ఆపానే తనంతట తాను, "అమ్మీ దుపట్టా కుట్టిన బొంత, గది ఉన్నదా ఇంక?" అని అడిగింది. అడిగిన దానికి జవాబు చెప్పడం అడగడం కిందికి రాదు. ఉన్నదున్నట్టు చెప్పాను. దసరా తెల్లవారి లారీలు వస్తాయని, ఆ ఉదయమే విప్పేస్తారని. పండగ వచ్చింది, వెళ్ళింది. ఆమె రాలేదు.

ఆ ఉదయం గల్లీలో రెండు లారీలు. బర్రెలు ఎక్కనంటున్నాయి, శీను అరుస్తున్నాడు. మిద్దె మీద అండాలమ్మ ఊదారంగు బొంత పరిచి, చేతిలో బ్లేడు పట్టుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను, ఆమెను చూడలేక గచ్చు వంక చూస్తూ. బ్లేడు మొదటి కుట్టు కిందికి వెళ్ళింది. అప్పుడు మెట్ల మీద ఎగశ్వాస. బుర్ఖా అంచు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని హసీనా ఆపా పైకి వచ్చింది. "దసరా గిరాకీ ఇడిచిపెట్టి ఎట్ల వస్తరే! ఇయ్యాల పొద్దుగాల దుకాణం తెరవకుంట వచ్చిన. ఆ బ్లేడు పక్కకు పెట్టు" అంది. కూర్చుంది. అద్దాలు పెట్టుకుంది. అండాలమ్మ దారానికి మైనం తినిపించి ఇచ్చింది. హసీనా ఆపా పదహారు ఊదా ముక్కలను ఒక్కొక్కటిగా నిమిరి, ఏడవకుండా కుట్టసాగింది. గోధుమ గింజ, ఆవగింజ, గోధుమ గింజ, ఆవగింజ. కింద లారీ డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. శీను సగం మెట్లెక్కి, చూసి, వెనక్కి దూకి, "ఆగు భాయ్, ఆగు! అమ్మ బొంత మూల మూస్తున్నరు!" అని అరిచాడు. ఆ అరుపుకు ఇళ్ళలోంచి ఆడవాళ్ళు బయటికి వచ్చారు.

హసీనా ఆపా ముడి వేసి దారం పంటితో కొరికింది. అండాలమ్మ వేళ్ళతో ఆ మూల తడిమింది. ఒక్కసారి, అంతే. లేచి, బొంతను రెండు చేతులా ఎత్తి, పిట్టగోడ మీద నుంచి గల్లీలోకి పరిచి వేలాడదీసింది. పొద్దుటి ఎండ ఆ ఊదారంగు మీద పడింది. "అయిపోయింది! నా బొంత అయిపోయింది!" అని గల్లీ అంతా వినబడేలా అరిచి, నవ్వింది. కింద లారీ ఎక్కనని మొరాయిస్తున్న బర్రె ఆ నవ్వుకు బెదిరి ఒక్క ఉదుటున లారీలోకి ఎక్కేసింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో డ్రైవరు కూడా ఉన్నాడు.

ఆ ఏడాదే వదిలేసిన బి.ఇడి. మళ్ళీ కట్టాను. ముప్పై దాటాక టీచరునయ్యాను. ఆ ఉద్యోగం ఉత్తరం అందిన రోజు నాన్న నాకు ఫోను చేసి, ఎప్పుడూ పిలవని నా పూర్తి పేరుతో పిలిచాడు. అండాలమ్మ, హసీనా ఆపా ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళు బస్సులు మారి మరీ ఒకరి మూలలు ఒకరు కుట్టుకున్నారు. రెండేళ్ళ కిందట చలికాలంలో అండాలమ్మ పోయింది. ఊదారంగు బొంత కప్పుకునే పోయింది. నేను చాలా ఏడ్చాను. కానీ ఆమెను తలుచుకున్నప్పుడు నాకు ఆ చావు గుర్తు రాదు. పిట్టగోడ దగ్గరి ఆ అరుపే గుర్తొస్తుంది.

పోయిన వారం హసీనా ఆపాను చూడటానికి లాడ్ బజారు వెళ్ళాను. దుకాణం మీది గదిలో ఉంటోంది ఇప్పుడు. మంచం మీద కొత్త బొంత ఒకటి మడిచి ఉంది. మూడు మూలలు అయ్యాయి. ఆమె దాని గురించి ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. టీ తాగి వచ్చేశాను. వారమంతా నిద్రలో కూడా ఆ వట్టి మూలే. ఈ ఉదయం బీరువాలో ఇరవై ఆరేళ్ళుగా దాచిన పసుపు పట్టు ముక్కను తీశాను. దారానికి మైనం తినిపించాను, కొంగుకు సూది గుచ్చుకున్నాను. చార్మినార్ ముందు నుంచి నడిచే వెళ్ళాను.

"దేనికొచ్చినవ్?" అంది హసీనా ఆపా.

"ఊకెనే వచ్చిన" అన్నాను. ఇన్నేళ్ళకు ఆ మాట నా నోట ఈ ఊరి మాటగానే వచ్చింది. పిలవకుండానే ఆమె పక్కన కూర్చుని, బొంత ఒళ్ళోకి లాక్కుని, పసుపు ముక్క ఆ మూల మీద పెట్టాను. నేను తొందరపడలేదు. చివరి కుట్టు వేసి దారం పంటితో కొరికాను. హసీనా ఆపా చెయ్యి చాచి ఆ మూలను మెల్లగా తడిమింది. పట్టును గుర్తుపట్టడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

"అండాలు పెండ్లి చీర" అంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు, ముఖం నిండా నవ్వు. "లే బేటీ, ఆ కొస పట్టు. కిటికీలకెళ్ళి ఏలాడదీద్దాం. బజార్ మొత్తం సూడాలె."

నేను రెండో కొస పట్టుకున్నాను.